పాత చెప్పులు కాపాడే పనికి చదువుందా?

చిత్తూరు నుంచి ఒక తండ్రి రాశారు. వాళ్ల పాప తిరుపతిలో బీఎస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతోంది. ముత్తాత తొడిగిన ఇత్తడి పువ్వుల కిర్రుచెప్పులు ఇంట్లో ముడుచుకుపోయి చిలుము పట్టి ఉంటే, వాటిని బాగుచేయడం మొదలుపెట్టి, ఇప్పుడు ఇదే నా ఉద్యోగం అంటోందట. చుట్టాలేమో ‘చెప్పులు కుట్టే పనా’ అంటున్నారట.

సార్, ముందు పాపకు ఒక మాట చెప్పండి, ఆ చెప్పులకు నూనె రాయొద్దు, ఇత్తడిని చింతపండుతో తోమొద్దు. ఇత్తడి మీది ఆ ఆకుపచ్చటి మైనం లాంటి చిలుము తోలులోని కొవ్వూ ఇత్తడిలోని రాగీ కలిసి పుట్టింది, మళ్లీ నూనె పూస్తే దానికి మేత వేసినట్టే. తడిపి సాగదీయడం ఇంకా ప్రమాదం. బాగా పాడైన తోలు గోరువెచ్చటి నీళ్లకే ముడుచుకుని గట్టిపడుతుంది, ఇక రాదు. మ్యూజియం వాళ్లయితే గోర్‌టెక్స్ లాంటి బట్ట అడ్డుపెట్టి, నీళ్లు తగలకుండా తేమ మాత్రం మెల్లగా పట్టించి, మెత్తబడేకొద్దీ లోపల ఆమ్లం లేని టిష్యూ కాగితం కూరుతూ ఆకారం తెస్తారు. చిక్కల్లా ఇక్కడే: తోలుకు తేమ కావాలి, ఇనుప మేకుకు అదే తేమ తుప్పు, ఆ తుప్పు మళ్లీ తోలును తినేస్తుంది. రెండింటికీ నడుమ దారి వెతకాలంటే కెమిస్ట్రీ కావాలి, అది మీ పాప చదువుతూనే ఉంది.

డిగ్రీ పూర్తిచేయనివ్వండి. తర్వాత నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్జర్వేషన్, అంటే పాత వస్తువులు పాడవకుండా కాపాడే పనిలో ఎంఏ ఉంది. లక్నోలో 1976లో పెట్టిన జాతీయ కన్జర్వేషన్ పరిశోధనశాల ఎన్ఆర్ఎల్‌సీ శిక్షణ ఇస్తుంది. తోలు శాస్త్రానికి మద్రాసు అడయారులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ సీఎల్ఆర్ఐని మించింది లేదు. కానీ ఒక్క చెప్పులనే నమ్ముకుంటే ఉద్యోగం దొరకదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. కత్తి ఒరలు, జీనులు, తోలుబొమ్మలు, పాత పుస్తకాల అట్టలు, అన్నీ చేయగలగాలి. పోస్టులు తక్కువ, కాంట్రాక్టు పనులే ఎక్కువ, మొదటి కొన్నేళ్లు డబ్బు టెన్షన్ తప్పదు, ఇది ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

చుట్టాల మాటకొస్తే, సెలవుల్లో చెప్పులు కుట్టే పెద్దాయన ఒకరి దగ్గర పాపను కూర్చోబెట్టండి. కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముడిపడుతుందో ఆయన చేతులకు తెలిసినట్టు ఏ ల్యాబులోనూ నేర్పరు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఫీజు, అర్హతలు నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఈలోగా ఒకసారి మద్రాసు ఎగ్మోర్ మ్యూజియానికి వెళ్లండి, అక్కడ కన్జర్వేషన్ ల్యాబ్ ఉంది. ముందే ఉత్తరం రాసి, అనుమతి అడిగి వెళ్లండి.