పార్కులకు వెళ్లేముందు పెద్దమ్మ మాట

ఫ్రీమాంట్,
అక్టోబరు 12

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మానాన్న డిసెంబరు 20కి వస్తున్నారని, వాళ్లను ఎక్కడెక్కడ తిప్పాలో చెప్పమని అడిగావు. నువ్వు పంపిన జాబితా చూశాను. నాలుగు రోజుల్లో పదకొండు చోట్లు! మేమూ మొదట్లో అలాగే తిరిగాం. కారు దిగడం, బోర్డు పక్కన ఫోటో, పులిహోర డబ్బా, మళ్లీ కారు. పదేళ్లు తిరిగాక చూసుకుంటే కాలిఫోర్నియాలో ఒక్క చెట్టు పేరు కూడా నాకు తెలియదు.

నా మాట విని ఆ జాబితాలో మూడే ఉంచు, మూడూ స్టేట్ పార్కులే, అంటే కాలిఫోర్నియా రాష్ట్రం నడిపేవి. చోటు చూసి తేదీ పెట్టుకోకు. అక్కడ ఎవరైనా వెంట నడుస్తూ వివరించే కార్యక్రమం ఏ రోజు, ఎన్ని గంటలకు ఉందో ముందు చూసుకో. మిగతా ప్రయాణమంతా దాని చుట్టూ అమర్చుకో.

ఇక్కడి స్టేట్ పార్కుల్లో రేంజర్లకు పోలీసు అధికారాలు ఉంటాయి, నడుముకు తుపాకీ ఉంటుంది. చూసి మీ నాన్న కంగారు పడకూడదని ముందే చెబుతున్నాను. వాళ్లలోనూ బాగా చెప్పేవాళ్లు ఉన్నారు. చెప్పడమే ఉద్యోగంగా ఉన్నవారిని ఇంటర్‌ప్రెటర్లు అంటారు. మీ పెదనాన్న మొదటిసారి ఆ మాట విని, అనువాదకులేమో అనుకుని, తెలుగు ఇంటర్‌ప్రెటర్ ఉన్నారా అని అడిగారు. ఆ అమ్మాయి పాపం నిజంగానే ఎవరికో ఫోను చేయబోయింది. వీళ్లు కాక డోసెంట్లని శిక్షణ పొందిన వాలంటీర్లు ఉంటారు. అందరికంటే ఓపిక వీళ్లకే ఎక్కువని నా అనుభవం.

మొదటిది ఆన్యో న్వేవో. శాంతాక్రూజ్‌కు ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉంటుంది. స్పానిష్‌లో ఆ పేరుకు కొత్త సంవత్సరం అని అర్థం. 1603 జనవరి 3న ఓడలో వెళ్తూ స్పెయిన్ తరఫు నావికుడు సెబాస్టియన్ విజ్కాయినో బృందం పెట్టిన పేరు. డిసెంబరు 15 నుంచి మార్చి 31 వరకు ఎలిఫెంట్ సీళ్లనే భారీ సముద్ర జంతువులు అక్కడ ఒడ్డుకు చేరి పిల్లలు పెడతాయి. ఆ రోజుల్లో గైడు లేకుండా వాటి దగ్గరికి వెళ్లనివ్వరు. టికెట్లు ముందే తీసుకోవాలి. మేము ఒకసారి డిసెంబరు మొదటి వారంలో, ఏమీ కనుక్కోకుండా వెళ్లి గేటు చూసి వచ్చాం. మీరు జనవరి చివర్లో వెళ్లండి. మగవాటి పోట్లాటలు, తల్లులు, పిల్లలు అన్నీ ఒకేసారి కనిపిస్తాయి.

ఒంటరిగా చూస్తే అవి ఇసుకలో పడేసిన ధాన్యం బస్తాల్లా ఉంటాయి. పక్కన మనిషి చెబుతుంటేనే ఆ ఒడ్డంతా సంసారాలని తెలుస్తుంది. పుట్టినప్పుడు పిల్ల 34 కిలోలు. తల్లి దాదాపు నాలుగు వారాలు మెతుకు ముట్టకుండా పాలు ఇస్తుంది. పిల్ల నూట ఇరవై, నూట యాభై కిలోలకు పెరుగుతుంది, తల్లి చిక్కిపోతుంది. ఒకరోజు తల్లి సముద్రంలోకి వెళ్లిపోతుంది, మరి తిరిగి రాదు. ఈతా వేటా పిల్ల తనంతట తాను నేర్చుకోవాలి. ఈ మాట విన్నప్పుడు మీ అమ్మ కళ్లు తుడుచుకుంటుంది, చూడు. రెండు టన్నుల మగసీలు అరిస్తే బోరు మోటారు ఆగి ఆగి కొట్టుకున్నట్టుంటుంది. ఒక్కోదాని అరుపుకు ఒక్కో తాళం ఉంటుందట, ఆ తాళాన్ని బట్టే ఒకదాన్నొకటి గుర్తుపడతాయట. డోసెంట్ అది చెప్పాక మేమందరం మాటలు మానేసి చెవులు రిక్కించాం.

నూనె కోసం వేటాడి వేటాడి 19వ శతాబ్దం చివరికి ఈ జాతిని వందకు లోపే మిగిల్చారు, అవీ మెక్సికోకు చెందిన గ్వాడలూప్ దీవి దగ్గర. 1922లో మెక్సికో రక్షణ కల్పించింది. ఆన్యో న్వేవో ఒడ్డున మొదటి పిల్ల పుట్టింది 1975లో. ఇప్పుడు మొత్తం లక్షకు పైనే ఉన్నాయి.

రెండోది ఆమడోర్ కౌంటీలోని ఇండియన్ గ్రైండింగ్ రాక్. ఇది మీ అమ్మ కోసమే. పెద్ద బండ మీద 1,185 రోళ్లు! అక్కడి ఆదివాసులైన మీవోక్ తెగ ఆడవాళ్లు తరతరాలుగా ఓక్ కాయలు దంచగా పడిన గుంటలవి. కాయలు ఎండబెట్టి, ఒలిచి, దంచి, ఆ పిండిని వగరు పోయేదాకా నీళ్లతో కడిగేవారు. నీరు కారని బుట్టలో పిండీ నీళ్లూ పోసి, కాల్చిన రాళ్లు వేసి జావ కాచేవారు. మా అమ్మ, అదే మీ అమ్మమ్మ, చూస్తే ఎవరి రోలు ఎంత అరిగిందో చెప్పేదేమో. ఆ బండను కంచె అవతల నుంచే చూడాలి. పక్కనే మ్యూజియం ఉంది, ముందు అందులో ఉన్నవాళ్లతో మాట్లాడి తరవాత బండ దగ్గరికి వెళ్లండి.

మూడోది కొలోమా. 1848 జనవరి 24న జేమ్స్ మార్షల్‌కు రంపపు మిల్లు కాలువలో బంగారం దొరికిన చోటు. మెక్సికో కాలిఫోర్నియాను అమెరికాకు రాసిచ్చిన ఒప్పందం సరిగ్గా 9 రోజుల తరవాత జరిగింది. ఇది మీ నాన్నకు చెప్పు, ఇక ఆపడం నీ వల్ల కాదు. అక్కడ బంగారం గాలించడం నేర్పిస్తారు. బియ్యంలో రాళ్లు గాలించడమే అది, బరువైనది అడుగున మిగులుతుంది. నేర్పిన కుర్రవాడి కంటే నేనే ముందు పళ్లెం అడుగున మెరుపు చూపించాను. ఇక్కడ నీకు నా సాయం అక్కర్లేదు.

ఇక మీ అమ్మావాళ్ల ఇంగ్లీషు సంగతి. నడక మొదలవకముందే డోసెంట్ దగ్గరికి వెళ్లి, కాస్త నిదానంగా చెప్పమని అడుగు, తప్పేమీ కాదు. వాళ్లను ముందు వరుసలో నిలబెట్టు. ప్రతి మాటా అనువదించకు, నాలుగైదు మాటలకు ఒకటి చాలు. ఏ సందేహం వచ్చినా అడగమను. మన వాళ్లు వెనక నిలబడి తెలుగులో గుసగుసలాడుకుని, కారెక్కాక నన్ను అడుగుతారు. నాకేం తెలుసు?

బాబును జూనియర్ రేంజర్ కార్యక్రమంలో చేర్చు, ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు అది. మీ ఊరి లైబ్రరీలో స్టేట్ పార్కుల పాసు ఇస్తున్నారేమో అడుగు, పార్కింగ్ డబ్బులు కలిసొస్తాయి. రాళ్లూ గవ్వలూ జేబులో వేసుకోనివ్వకు. సముద్రం ఒడ్డున ఎండ ఉన్నా గాలి కోస్తుంది, స్వెట్టర్లు తప్పనిసరి. సీళ్ల నడక రెండున్నర గంటలు, చాలా భాగం ఇసుకే. నేను మొదటిసారి చీర కట్టుకుని, చెప్పులతో వెళ్లి తిరుగు దారంతా వాటిని చేత్తో పట్టుకుని నడిచాను. మీ నాన్నకు మోకాళ్లు ఇంకా నొప్పేనా? అయితే టికెట్లు తీసుకునేటప్పుడే చెప్పాలి, నడవలేని వారికి చెక్క బాట మీద విడిగా తీసుకెళ్లే ఏర్పాటు ఉంది.

శని, ఆదివారాల టికెట్లు ముందే అయిపోతాయి. అల్లుడికి సెలవు ఏ రోజు దొరుకుతుందో ఈ వారంలోనే చెప్పు. మీ నాన్న పాదం సైజు కూడా కనుక్కో, బూట్లు నేను కొని ఉంచుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ