షుగరు పుండుకు తేనె రాయవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగరు ఉంది. కొత్త చెప్పు ఒరుసుకుని కుడికాలి బొటనవేలి కింద పుండు పడింది. మూడు వారాలైనా మానలేదు. నొప్పి మాత్రం లేదంటోంది. బంధువులు ఇచ్చిన అడవి తేనె రోజూ రాస్తున్నాం. ఇది మంచిదేనా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ ప్రశ్నలో నాకు గుబులు పుట్టించిన మాట 'నొప్పి లేదు' అన్నది. మూడు వారాల పుండు నొప్పి పెట్టలేదంటే పాదంలో నరాలు మొద్దుబారాయన్నమాట. అడుగు వేసినప్పుడల్లా ఆ పుండు నలుగుతున్నా అమ్మగారికి తెలియడం లేదు.

తేనెకు గాయాన్ని మాన్పే గుణం నిజంగానే ఉంది. సుశ్రుతుడి కాలం నుంచీ వాడుతున్నారు. మంచి తేనెలో నీరు ఐదో వంతు కూడా ఉండదు. అందుకే అది సూక్ష్మజీవుల్లోని తేమను లాగేస్తుంది. పైగా పులుపు గుణం. తేనెటీగలు అందులో కలిపే ఒక ఎంజైము, పుండులోని రసి తగలగానే పనిచేయడం మొదలుపెట్టి, కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టిస్తుంది. గాయాలు కడిగేటప్పుడు నురగ వచ్చే మందు అదే. షోలాపూర్‌లో సర్జన్ ఎం. సుబ్రహ్మణ్యం కాలిన గాయాలున్న 104 మందిపై పరీక్షించి, తేనె కట్టు బాగా పనిచేసిందని 1991లో ప్రచురించారు. పైపైన కాలిన గాయాల విషయంలో నేనూ దాన్ని కాదనను.

అయితే అలా వాడేందుకు ఆసుపత్రులకు వచ్చే తేనె వేరు. దాన్ని గామా కిరణాలతో శుద్ధి చేస్తారు. సీసాలోని అడవి తేనెలో మొండి సూక్ష్మజీవుల బీజాలు ఉండవచ్చు. కాచినా అవి చావవు, పనికొచ్చే ఎంజైము మాత్రం పాడవుతుంది. షుగరు పుండ్లు తేనెతో త్వరగా మానతాయనడానికి గట్టి రుజువు కూడా ఇంతవరకు లేదు. పైన ఏం రాసినా, కాలికి రక్తం సరిగా అందకపోతే, నడకలో ఒత్తిడి తగ్గకపోతే, లోపల చీము ఉంటే ఆ పుండు మానదు.

కాబట్టి తేనె ఆపేయండి. పుండును సెలైన్‌తో కడిగి, శుభ్రమైన గాజుగుడ్డతో వదులుగా కట్టండి. ఆ చెప్పులు పక్కన పెట్టండి. ఇంట్లో కూడా వట్టికాళ్లతో నడవనివ్వకండి. రేపే సర్జన్‌కు చూపించండి. పాదం మీద నాడి అందుతోందో లేదో ఆయన వేళ్లతో చూస్తారు, పుండు చుట్టూ గట్టిపడిన తెల్లటి చర్మాన్ని చెక్కేస్తారు. ఎముకకు చీము పట్టిందేమో తెలియడానికి ఎక్స్‌రే, మూడు నెలల సగటు షుగరు పరీక్ష అవసరమవుతాయి. వేలు నల్లబడినా, దుర్వాసన వచ్చినా, ఎరుపు పైకి పాకినా, జ్వరం వచ్చినా రేపటిదాకా ఆగకుండా ఈ రాత్రికే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆ సీసా ఇంట్లోనే ఉంటుంది కనుక ఇంకొక్క మాట. ఏడాది నిండని పసిబిడ్డల నాలుకకు మాత్రం ఆ తేనె రాయకండి. అందులో ఉండే బీజాల వల్ల వాళ్లకు కండరాలు చచ్చుబడే ప్రమాదం ఉంది.