బరోలో వైన్ రంగు పలచగా ఉన్నా అంత వగరెందుకు?

రంగు చూసి మోసపోవద్దు. తీపి లేని ఈ రెడ్ వైన్‌ను ఇటలీ వాయవ్యాన, పీడ్‌మాంట్‌లోని లాంగే కొండల్లో, కేవలం నెబ్బియోలో ద్రాక్షతో చేస్తారు. బరోలో అనే పేరు వాడే హక్కు 11 గ్రామాల పరిధిలోని తోటలకే ఉంది. ఈ కాయలో రంగు తక్కువే గానీ టానిన్లు దండిగా ఉంటాయి. వగరంతా వాటిదే. పచ్చి జామకాయ కొరికినట్టు నాలుక పట్టేస్తుంది. పులుపూ ఎక్కువే.

అందుకే కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో, మాగాకే అమ్మాలని నిబంధన. రిసర్వా అనే, ఇంకా ఎక్కువ కాలం మాగబెట్టే రకమైతే 62 నెలలు. ఆ గ్రామాల్లో లా మోర్రా వైపు పండింది కాస్త మెత్తన, సెర్రలుంగా వైపుది మొండిఘటం. కొత్త సీసాను తొందరపడి తెరిస్తే డబ్బు దండగ అనే అంటాను. అక్కడివాళ్లు గొడ్డుమాంసాన్ని ఇదే వైన్‌లో గంటల తరబడి ఉడికించి, దానితోపాటు తాగుతారు. మాంసం, కొవ్వు తగిలితే వగరు అంతగా తెలియదు.