మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ ఊట మామిడి ముక్క కణాల్లోంచి బయటికొచ్చిన నీరే, నీరు ఇలా కణం పొర దాటి కదలడాన్నే ద్రవాభిసరణ అంటారు. కణానికి చుట్టూ ఉండే పలుచని పొర నీటిని తేలిగ్గా పోనిస్తుంది, ఉప్పును మాత్రం అంత సులువుగా లోపలికి రానివ్వదు. ముక్క మీది తడిలో ఉప్పు కరగగానే బయటి ద్రవం లోపలి రసం కన్నా చిక్కనవుతుంది. దాంతో నీరు చిక్కదనం ఎక్కువున్న వైపుకి, అంటే బయటికి నడుస్తుంది. అందుకే మూడో రోజుకి ముక్కలు ముడుచుకుపోయి ఊటలో మునిగి ఉంటాయి. దీనికి తిరగేసిన ఉదాహరణ కీరదోస: వాడిన ముక్కల్ని మామూలు చన్నీళ్లలో వేస్తే నీరు లోపలికెళ్లి మళ్లీ కరకరలాడతాయి.

చాలామంది ఉప్పే నీటిని పట్టి లాగుతుందనీ, నీరు ఒకవైపే కదులుతుందనీ అనుకుంటారు. నిజానికి నీటి అణువులు రెండు వైపులా తిరుగుతూనే ఉంటాయి, బయటికొచ్చేవి ఎక్కువ, అంతే. మరి ముక్క లోపల కూడా ఉప్పగా ఎలా అవుతుందంటారా? అంత ఉప్పుకి కణాలు చచ్చిపోతాయి. పొర దెబ్బతిన్నాక ఉప్పుకి అడ్డేముంది!