సెల్ఫ్ తిరుగుతోంది, బండి అందుకోవట్లేదు

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర పల్లెటూరండి. రొయ్యల చెరువులు చేస్తున్నాం. నాకు 2014 మోడల్ డీజిల్ డిజైర్ ఉంది. బంకుకి వెళ్లే తీరిక లేక, చెరువు గట్టు మీద జనరేటర్ కోసం ఉంచిన క్యానులోంచి 20 లీటర్లు పోశాను. ఆ రోజు భీమవరం వెళ్లొచ్చాను, బానే తిరిగింది. మర్నాడు పొద్దున్న సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతోంది గానీ అందుకోవట్లేదు. బ్యాటరీ కొత్తదే. మెకానిక్ వచ్చి చూసి నాలుగు ఇంజెక్టర్లూ, పంపూ మార్చాలి, రూ.80,000 దాకా అవుతుందంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. మార్పించమంటారా?

జవాబు: ఇప్పుడే ఏదీ మార్పించకండి. ఇంకోసారి సెల్ఫ్ కూడా కొట్టకండి. ముందు ఒక తెల్ల గాజు సీసా తెచ్చుకోండి.

బానెట్ తీసి డీజిల్ ఫిల్టర్ ఎక్కడుందో చూడండి. దాని అడుగున నీళ్లు వదలడానికి చిన్న స్క్రూ ఉంటుంది. సీసా కింద పెట్టి స్క్రూ కొంచెం వదులు చేసి, వచ్చింది సీసాలో పట్టండి. ఓ అరగంట కదపకుండా ఉంచండి. నీళ్లకన్నా డీజిల్ తేలిక, అందుకని నీళ్లుంటే అడుగున వేరే పొరగా కనబడతాయి. డీజిల్ మసకగా ఉన్నా, నల్లటి జిగురు కనబడినా కూడా నీళ్లు చేరినట్టే లెక్క. డీజిల్, నీళ్లు కలిసిన చోట సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఆ జిగురు వాటిదే.

మీ ఉత్తరం చదవగానే నాకు క్యాను మీదే అనుమానం వచ్చింది. పాలకొల్లులో మా షెడ్డుకి చెరువుల వైపు నుంచి వచ్చే కార్లలో ఇదే బాధ ఎక్కువ. సగం ఖాళీ అయిన క్యాను గట్టు మీదే ఉంటుంది. పగలు వేడెక్కుతుంది, రాత్రి చల్లబడుతుంది. చల్లబడినప్పుడల్లా బయటి తేమగాలిని లోపలికి లాక్కుంటుంది, ఆ తేమ నీరై అడుక్కి దిగుతుంది. దీనికి తోడు వాన చినుకులు, చెరువు నీళ్లతో కడిగిన గరాటు. జనరేటర్ ఇంజన్ పాత తరహాదైతే కొంతవరకు ఓర్చుకుంటుంది. మీ కారుది కామన్ రైల్ ఇంజన్, అంటే అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టంలోంచి చాలా ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ అందే రకం, అది ఓర్చుకోదు. భీమవరం దాకా తిరిగిన బండి పొద్దున్న ఎందుకు ఆగిందంటే, రోడ్డు మీద కుదుపుకి నీళ్లు డీజిల్లో కలిసిపోయి కొద్దికొద్దిగా వెళ్లాయి, రాత్రంతా నిలబడ్డాక ట్యాంకు అడుక్కి దిగాయి. ఇంజన్‌కి డీజిల్ లాగే గొట్టం మూతి ఉండేదీ ఆ అడుగునే.

సీసాలో నీళ్లు కనబడితే ట్యాంకు దింపించి పూర్తిగా ఖాళీ చేయించండి. ట్యాంకు నుంచి ఫిల్టర్ దాకా ఉన్న పైపులు మంచి డీజిల్‌తో కడిగించి, కొత్త ఫిల్టర్ వేయించి, బంకు డీజిల్ పోసి, పైపుల్లో చేరిన గాలి (ఎయిర్) తీసిన తర్వాతే సెల్ఫ్ కొట్టాలి. ఇది ఆ రోజుకారోజే చేయించండి. మీ వైపు చెరువుల్లో ఉప్పు నీళ్లుంటాయి. ఇంజెక్టర్ లోపలి సూది చుట్టూ, పంపు లోపలి భాగాల మధ్య ఉండే సందు మైక్రాన్లలో (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతుల్లో) ఉంటుంది, అందులో ఉప్పు నీరు నిలబడితే తుప్పు పడుతుంది. అప్పుడు మీ మెకానిక్ చెప్పిన రూ.80,000 నిజంగానే అవుతుంది.

నీళ్లు లేకపోతే అసలు వెతుకులాట అప్పుడు మొదలవుతుంది. ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు సైలెన్సర్ దగ్గర నిలబడి చూడండి. ఒకసారికి 10 సెకన్లు మించకూడదు, మధ్యలో కనీసం ఒక నిమిషం ఆగాలి, లేకపోతే సెల్ఫ్ మోటారు కాలిపోతుంది. పొగ అసలు రాకపోతే ఇంజెక్టర్లు డీజిల్ కొట్టట్లేదు. డీజిల్ వాసనతో తెల్ల పొగ వస్తుంటే డీజిల్ పడుతోంది గానీ మండట్లేదు. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం పని అయినట్టే. సెల్ఫ్ మామూలుకన్నా తేలిగ్గా గిరగిరా తిరుగుతుంటే మాత్రం అక్కడితో ఆపేయండి. టైమింగ్ చైనో బెల్టో పోయి ఉండొచ్చు.

పొగ రాని బండికి, కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టించి, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు రైల్ ప్రెషర్, అంటే ఇంజెక్టర్లకు డీజిల్ ఇచ్చే ఆ గొట్టంలో ప్రెషర్, ఎంత చూపిస్తోందో అడగండి. సుమారు 200 బార్ దాటితే గానీ ఇలాంటి ఇంజన్‌లో కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవదు. మీ కారు టైర్లో ఉండేది రెండు బార్లకు కాస్త ఎక్కువ, దానికి ఇది దాదాపు వంద రెట్లు. అదే తెర మీద ఆర్‌పీఎం కూడా చూడండి. ఇంజన్ తిరుగుతున్నా ఆర్‌పీఎం సున్నా అంటుంటే, ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సార్‌నో దాని వైరునో చూడాలి. స్కానర్ చూపించే లోపాల కోడ్‌లలో పీ0335 దానికి సంబంధించినదే. ప్రెషర్ చాలకపోతే పీ0087 వస్తుంది. ఆ కోడ్ చూసి నేరుగా పంపు మార్చేస్తారు కొందరు. ఫిల్టర్ పూడుకుపోయినా, పైపు క్లిప్పు దగ్గర గాలి పీల్చినా, ప్రెషర్ వాల్వు ఇరుక్కున్నా, ఒక్క ఇంజెక్టర్ లీకైనా అదే కోడ్ వస్తుందండి.

ఇంజెక్టర్ల మీద అనుమానం తీరడానికి రిటర్న్ టెస్ట్ ఉంది. నాలుగు ఇంజెక్టర్ల నుంచి మిగులు డీజిల్ వెనక్కి వెళ్లే రిటర్న్ పైపులు తీసి, నాలుగింటికీ ఒకే సైజు సీసాలు తగిలించి సెల్ఫ్ కొడతారు. మూడు సీసాల్లో అడుగంటి, ఒక్కదాంట్లో బాగా ఎక్కువగా వస్తే లీకు దాంట్లోనే. అప్పుడు ఆ ఒక్కటి తీయించి టెస్ట్ బెంచ్ మీద పెట్టించండి. బెంచ్ రిపోర్టు కాగితం చేతికిస్తే తప్ప నాలుగూ మార్చడానికి ఒప్పుకోకండి. అది అడగడం మీ హక్కు. మంచి మెకానిక్ ఎవరూ దానికి నొచ్చుకోడు.

చలిలో స్టార్ట్ అవడానికి సిలిండర్లను వేడిచేసే హీటర్ ప్లగ్గులు మార్చమంటే కూడా తొందరపడకండి. మన గోదావరి జిల్లాల చలికి, ఆరోగ్యంగా ఉన్న కామన్ రైల్ ఇంజన్ అవి లేకుండానే అందుకుంటుంది.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను. ట్రాక్టర్లకి ఎయిర్ తీసినట్టు, ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టనివ్వకండి. ట్రాక్టర్ దగ్గర చెయ్యి తిరిగినవాళ్లు అలవాటు కొద్దీ కార్ల మీదా అదే చేస్తున్నారు. కామన్ రైల్లో ఆ సందులోంచి వచ్చే డీజిల్ ధార చర్మం చీల్చుకుని ఒంట్లోకి పోతుంది. పైకి చిన్న చుక్కంత గాయమే కనిపిస్తుంది, లోపల చెయ్యి పాడైపోతుంది. ఎవరికైనా అలా జరిగితే నొప్పి లేదని ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. గాలి గొట్టంలో పెట్రోలు చల్లడం కూడా వద్దు.

ప్రశ్న: అమలాపురం నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి కారు తాళంచెవి వానలో తడిసింది. అప్పట్నుంచి సెల్ఫ్ తిరుగుతోంది, స్టార్ట్ అవ్వట్లేదు. డాష్‌బోర్డు మీద ఒక లైటు ఆగి ఆగి వెలుగుతోంది.

జవాబు: ఆ లైటు తాళంచెవి గుర్తుదో కారు మీద తాళం గుర్తుదో అయితే, తాళంచెవిలోని చిప్‌ని కారు గుర్తుపట్టట్లేదు. ఇంట్లో రెండో తాళంచెవి ఉంటుంది కదమ్మా, దాంతో ప్రయత్నించండి. గుత్తిలో వేరే బండి తాళాలుంటే తీసేయండి, అవి కూడా అడ్డొస్తాయి. దాంతో స్టార్ట్ అయితే ఇంజన్‌కి ఏమీ కాలేదు, చిప్ ఒక్కటి చూపించుకుంటే చాలు.

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర లంక. వరదకి మా డీజిల్ కారు సీట్ల దాకా మునిగింది. నీళ్లు తీశాక ఎండలో పెట్టాం. స్టార్ట్ చేసి చూడొచ్చా?

జవాబు: చేయొద్దండి. బ్యాటరీ వైరు విప్పేసి ఉంచండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడండి. లోపల తడి ఉంటే సిలిండర్లలోకి కూడా నీళ్లు దిగి ఉండొచ్చు. గాలి నలుగుతుంది గానీ నీరు నలగదు. పిస్టన్ పైకి లేచి నీటిని కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. హీటర్ ప్లగ్గులు తీసి, ఇంజన్‌ని చేత్తో తిప్పి, ఆ రంధ్రాల్లోంచి నీళ్లు పోయాయని చూసుకున్నాకే ముందుకెళ్లాలి. ఇంజన్ ఆయిల్ గేజీ తీసి చూడండి, ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే మార్పించాలి. డీజిల్ ట్యాంకు కూడా ఖాళీ చేయించండి. ఇన్సూరెన్స్ ఉంటే మాత్రం సర్వేయర్ వచ్చేదాకా బ్యాటరీ వైరు తప్ప ఏదీ విప్పకుండా ఫోటోలు తీసి పెట్టుకోండి. వచ్చే ఏడాది ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఇవ్వగానే కారు ఏటిగట్టు అవతల తెలిసినవాళ్లింట్లో పెట్టేయండి. 13.75 అడుగుల రెండో హెచ్చరిక దాకా ఆగితే లంక దారి మీద బండి తీసుకెళ్లడం కుదరకపోవచ్చు.