స్లైడర్ విలువ ‘మారిందా’, ‘మార్చబడిందా’?

సందేహం: క్యూటీ (Qt) అనే ప్రోగ్రామింగ్ సాధనంతో రాసిన ఒక డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ గురించి ప్రోగ్రామర్ల కోసం తెలుగులో వివరణ రాస్తున్నాను. అందులో జరిపి విలువ పెట్టే స్లైడర్, అంకెను చూపే స్పిన్‌బాక్స్ అనే పెట్టె ఉన్నాయి. ఏదైనా జరిగిందని ఒకటి తెలియజేసే సందేశాన్ని సిగ్నల్ అంటారు. “స్లైడర్ విలువ మార్చబడినప్పుడు స్పిన్‌బాక్స్‌కు సిగ్నల్ పంపబడుతుంది” అంటే ‘బడు’లు తగ్గించమన్నారు. ఎలా రాయాలి?

సమాధానం: ‘బడు’ తీసేసి “మార్చినప్పుడు” అంటే వాక్యం తేలికపడుతుంది గానీ అసలు తప్పు అలాగే ఉంటుంది. మారు అకర్మకం, మార్చు సకర్మకం. మార్చు అన్నా, మార్చబడు అన్నా మార్చేవాళ్లు ఒకరున్నట్టే. చదివేవాళ్లు అది వాడుకరే అనుకుంటారు. విలువ మారిందని తెలిపే వాల్యూచేంజ్డ్ సిగ్నల్‌కు ఆ కర్తతో పనిలేదు. వాడుకరి మౌస్‌తో జరిపినా, విలువను పెట్టే సెట్‌వాల్యూ ఫంక్షన్‌ను ప్రోగ్రామే పిలిచినా, విలువ మారితే చాలు, వెలువడుతుంది. ఉన్న విలువనే మళ్లీ పెడితే వెలువడదు. స్లైడర్‌ను స్పిన్‌బాక్స్‌తో, స్పిన్‌బాక్స్‌ను తిరిగి స్లైడర్‌తో కలిపినా సిగ్నళ్లు అంతులేకుండా తిరగకపోవడానికి కారణం అదే. “మారినప్పుడు” అన్న ఒక్క మాట ఇదంతా చెప్పేస్తుంది.

సకర్మకం కావలసిన చోట్లూ ఉన్నాయి. ఒక వరుస పాఠ్యం టైపు చేసే పెట్టె లైన్‌ఎడిట్. దాని సిగ్నళ్లలో టెక్స్ట్‌చేంజ్డ్ అంటే “పాఠ్యం మారినప్పుడు”, టెక్స్ట్‌ఎడిటెడ్ అంటే “వాడుకరి పాఠ్యాన్ని మార్చినప్పుడు”. ప్రోగ్రామ్ సెట్‌టెక్స్ట్‌తో నింపితే రెండోది రాదు. రెండింటికీ “మార్చబడినప్పుడు” అనే రాశారనుకోండి, చదివిన ప్రోగ్రామర్ మొదటిదాన్ని పట్టుకుని, అది రాగానే ‘సేవ్ చేయాలి’ అనే గుర్తు పడేలా కోడ్ రాస్తాడు. ఇక ఫారం తెరిచి పాత వివరాలు నింపిందే తడవు గుర్తు పడిపోతుంది. వాడుకరి ఒక్క అక్షరం టైపు చేయకుండా మూసేస్తున్నా ప్రోగ్రామ్ “మార్పులు సేవ్ చేయాలా?” అని అడుగుతుంది.

“స్పిన్‌బాక్స్‌కు పంపబడుతుంది”లో ‘కు’ కూడా ఇబ్బందే. అందుకునేది ఎవరో స్లైడర్‌కు తెలిసినట్టు ధ్వనిస్తుంది. నిజానికి స్పిన్‌బాక్స్ ఒకటుందని కూడా దానికి తెలియదు. రెంటినీ కలిపేది ప్రోగ్రామర్ రాసే కనెక్ట్ అనే ఆదేశం. అందుకే ఇక్కడ పంపు కంటే వెలువడు మేలు. (అందులోనూ పడు ఉందిగా అనకండి. అది బయటపడులోని పడు, కర్మణి ప్రయోగం కాదు.)

మీ వాక్యం ఇలా ఉండవచ్చు: “స్లైడర్ విలువ మారినప్పుడు సిగ్నల్ వెలువడుతుంది. దానికి కనెక్ట్ చేసిన స్పిన్‌బాక్స్ కొత్త విలువను చూపిస్తుంది.”

ఈ మార్పును వాడుకరి వైపు నుంచి చెప్పాల్సివస్తే ముందు ట్రాకింగ్ (లాగుతున్నప్పుడే విలువ మారాలా అన్న అమరిక) చూసుకోండి. మామూలుగా అది ఆన్‌లోనే ఉంటుంది కనుక “స్లైడర్‌ను జరుపుతుండగా అంకె మారుతుంది” అనవచ్చు. ట్రాకింగ్ ఆపేస్తే లాగుతున్నంతసేపూ విలువ కదలదు, వదిలాకే సిగ్నల్ వస్తుంది. అప్పుడు “జరిపి వదిలినప్పుడు” అనాలి.