కొండపల్లి బొమ్మలకు తెల్ల పొణికి కర్రే ఎందుకు? టేకు పనికిరాదా?

టేకుతోనూ బొమ్మ చెక్కవచ్చు. కానీ అది గట్టిది, బరువు, ధర ఎక్కువ. విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండపల్లి కొండల్లో పెరిగే తెల్ల పొణికి తేలికైన మెత్తని కర్ర. చిన్న ఉలికి కూడా ఇట్టే లొంగుతుంది. అసలు ఈ కళ ఇక్కడ వేళ్లూనుకోవడానికి పక్కనే ఉన్న ఆ అడవే ముఖ్య కారణమని నా నమ్మకం.

తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడి బొమ్మను దగ్గరగా చూడండి. మాను, మట్టలు, మనిషి, అతని చేతులు దేనికది విడిగా చెక్కినవే. కర్రలోని తడి పోయేలా సన్నని సెగ మీద ఆరబెట్టి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలను అతికిస్తారు. అతుకులు కనబడకుండా ఆ మక్కుతోనే నునుపు చేసి, సున్నం పూసి, ఆరాక రంగులు వేస్తారు. ఏటికొప్పాక బొమ్మలు చేసేవారి పద్ధతి వేరు. వారు అంకుడు కర్రను తిరుగుడు యంత్రం మీద తీర్చి లక్క రంగులు అద్దుతారు.

కొండపల్లి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది. అయితే అది పేరునే కాపాడుతుంది, చెట్టును కాదు. ఇప్పుడు కళాకారులను వేధిస్తున్నది కర్ర కొరతే. నరికిన చెట్టు స్థానంలో మరొకటి చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది కనుక, ఈ కళకు గుర్తుగా కూడళ్లలో పెద్ద బొమ్మలు నిలబెట్టడంతో పాటు ఆ కొండల్లో తెల్ల పొణికి మొక్కలు కూడా నాటాలి.